మామ ఎడమచేతికి మూడే వేళ్ళు

మామ ఉన్న వీధి మొదట్లో కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సులో ఆయన ఎడమచేతికి ఐదు వేళ్ళున్నాయి. బతికున్న మామకు ఆ చేతికి ఉన్నవి మూడే. మిగిలిన రెండూ అబద్ధం. ఆ అబద్ధాన్ని ఆయన చేతికి తొడిగించినవాడు పూల్ హాలు ముదలాళి, అంటే మామచేత పద్దెనిమిదేళ్ళు టేబుళ్ళు తుడిపించుకున్న యజమాని. దాన్ని ఆరడుగుల ఎత్తున అచ్చువేసి వీధిలోకి పంపినవాణ్ణి నేను. ముదలాళి తప్పు రాసేటప్పుడు నా కలం పరిగెత్తుతుంది, నాది రాసేటప్పుడు ఆగుతుంది. అయినా రెండూ రాస్తాను.

మామ పోయాడని నాకెవరూ కబురు పంపలేదు. కబురు నా పనిబల్లమీదికే వచ్చింది. నేను జిరాక్సు, ఫ్లెక్సు షాపులో కంప్యూటరు ముందు కూర్చునేవాణ్ణి. పెళ్ళి, చెవులు కుట్టడం, ఎన్నికలు, చావు, ఊళ్ళో ఏది జరిగినా ముందు నా తెరమీద జరుగుతుంది. మంగళవారం పొద్దున పదిగంటలకి, పూల్ హాలులో టోకెన్లు రాసే అన్న వచ్చి తన ఫోన్లోంచి ఒక ఫోటో పంపాడు.

"కన్నీటి అంజలి. అర్జెంటు. ముదలాళి చెప్పినారు," అన్నాడు.

మా ఊళ్ళో ఎవరైనా పోతే, ఇంటిముందు పందిరి లేచేలోగా వీధి మొదట్లో కన్నీటి అంజలి ఫ్లెక్సు లేవాలి. అది మర్యాద. ఫోటో తెరుచుకుంది. టేబులుమీదికి వంగి, కర్ర గురిపెట్టి నవ్వుతున్న మామ.

"ఎప్పుడన్నా?"

"తెల్లార్తోనే. పాలు తెచ్చి తిన్నెమింద కూసున్నాడంట. అత్త కాపీ కలుపుకొని వచ్చేలోపల అయిపోయింది."

లేచి పరిగెత్తవలసింది. మామ ఇల్లు షాపుకి మూడు వీధుల అవతల. నేను లేవలేదు. మూడు నెలలుగా ఆ గడప తొక్కనివాణ్ణి, ఏ ముఖం పెట్టుకొని పోవాలి? ఫ్లెక్సు నా చేత్తోనే చేసి, అది తీసుకొని పోదామనుకున్నాను. పనిలో పడితే ఏడుపు ఆగుతుందనీ అనుకున్నాను. ముఖం పెద్దది చేశాను. కళ్ళకింద నీడలు తీసేశాను. అక్షరాలు రెండుసార్లు సరిచూశాను. కళ్ళు మసకలు కమ్ముతుంటే తుడుచుకొని మళ్ళీ ముఖమే చూశాను. చేతివైపు చూడలేదు. ప్రింటు నొక్కాను.

సాయంత్రం పాడె ఆ స్తంభం కిందనుంచి పోతుంటే తల పైకెత్తాను. అప్పుడు కనిపించాయి, నల్లటి గ్లౌజులో నిండుగా చాచుకొని ఉన్న ఐదు వేళ్ళు. పాడెమీద మూడు. పైన ఐదు.

చదివేవాళ్ళకి ఆ మనిషి ఎవరో చెప్పాలి.

మామ ఏంబలం అనే పల్లెలో సేద్యం చేసే ఇంట్లో పుట్టాడు. పదిహేడేళ్ళకి నూలు మిల్లుకి వచ్చాడు. మా నాయనా ఆయనా ఒకే షిఫ్టు. ఆ వరసనే నాకు మామ అయ్యాడు. మిల్లులో ఉండగానే ఒక యంత్రం ఆయన ఎడమచేతి ఉంగరపు వేలినీ చిటికెన వేలినీ మొదలంటా తీసుకుంది. మిల్లు మూతపడ్డాక వైతికుప్పం దగ్గర ఒక మేడమీద ఉన్న పూల్ హాలులో, అంటే కర్రతో బంతులు కొట్టే బిలియర్డ్సులాంటి ఆట ఆడేచోట, మార్కరుగా చేరాడు. మార్కరంటే త్రికోణంలో బంతులు పేర్చేవాడు, స్కోరు చెప్పేవాడు, టేబులుమీది పచ్చగుడ్డని బ్రష్షుతో ఒకేవైపుకి తుడిచేవాడు, ఆట రానివాళ్ళకి నేర్పేవాడు. ఆడేవాడు మాత్రం కాదు. పొద్దున హాలు తెరవకముందు ఒక అరగంట ఒక్కడే ఆడుకునేవాడు. ఊళ్ళో ఆయన్ని మించినవాడు లేడని నేను అంటాను. ఆయనతో ఎవరూ పోటీకి దిగలేదు కాబట్టి ఆ మాటకి రుజువు లేదు.

నా సంగతి కూడా ఒక్క ముక్క చెప్పాలి. మాది అరవం నడిచే ఊరు, తెలుగు అక్షరాలు నాకు ఏ బడీ నేర్పలేదు. నెల్లూరు వైపునుంచి మా పెద్దమ్మ కొడుకు తెచ్చిన కరపత్రాల కట్టలో వాటిని నేర్చుకున్నాను. అందుకే 'దోపిడీ', 'శ్రమ', 'తిరగబడు' అనే మాటలు నాకు ముందొచ్చాయి. 'తప్పయింది' అనే మాట చాలా ఆలస్యంగా వచ్చింది. మామకి మన అక్షరాలు రావు, అరవమే చదివేవాడు. నేను రాసిన కరపత్రాలు నాచేతే చదివించుకొని చెవి ఒగ్గి వినేవాడు.

"బాగుండాదిరా. అరిచినట్టుండాది. మధ్యలో ఆడాడ గాలి పీల్చుకునేదానికి ఎడం ఇడిసిపెట్టు," అనేవాడు.

నేను మొదటిసారి హాలుకి పోయినరోజు ఇప్పటికీ నవ్వుకునేవాళ్ళున్నారు. ఆట రాకముందే గ్లౌజు కొన్నాను. నీలంరంగు, మంటల బొమ్మ. దాన్ని కుడిచేతికి తొడుక్కొని మెట్లెక్కాను. మామ బ్రష్షు పక్కన పెట్టి నన్ను కిందినుంచి పైదాకా చూశాడు.

"ఏమిరా అల్లుడా, పెండ్లికొడుకు మాదిరి వచ్చినావు. ఏ చేత్తో ఆడతావు?"

"కుడిచేత్తోనే మామా."

"మరి గ్లౌజు ఆ చేతికి యాలా?"

"కర్ర పట్టుకునేది ఆ చెయ్యే కదా."

హాలంతా గొల్లుమంది. మామ నవ్వలేదు. నా ఎడమచెయ్యి పట్టి టేబులుమీద పెట్టాడు. చూపుడువేలినీ బొటనవేలినీ దగ్గరికి చేర్చి, ఆ సందులో కర్ర ఉంచి, ముందుకీ వెనక్కీ ఆడించాడు. మా ఊరి సముద్రపు గాలికి చెయ్యెప్పుడూ జిగటగానే ఉంటుంది. కర్ర చర్మానికి అంటుకొని, ఆగి, ఒక్కసారి గంతేసింది.

"చూసినావా? పట్టుకునే చేతికి పట్టు కావాల. ఆనుకునే చేతికి జారుడు కావాల. గ్లౌజు ఆనుకునే చేతికిరా. యా చేతికి యాది కావాలనో తెలీకనే లోకంలో సగం తగువులు."

కరపత్రంలో వేసుకోదగ్గ మాట అని అప్పుడే అనుకున్నాను. ఎప్పుడూ వేసుకోలేదు.

అప్పటిదాకా హాలులో అందరూ చేతికి పౌడరు రాసుకునేవాళ్ళు. అది గుడ్డమీద తెల్లగా పడేది, చెమటతో కలిసి ముద్దయ్యేది, దాన్ని రోజూ దులిపేది మామ. "పౌడరు మీ చేతికి, దుమ్ము నా ముక్కుకి," అని అందరికీ గ్లౌజు అలవాటు చేసినవాడు ఆయనే. పూల్ గ్లౌజుకి మూడే వేళ్ళుంటాయి. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు. కర్ర రాచుకునేది ఆ మూడింటితోనే కాబట్టి తక్కిన రెండూ బయటే ఉంటాయి. ఆ రోజు మామ తన ఎడమచేతిని నా కళ్ళముందు పెట్టి తిప్పి చూపించాడు.

"దీన్ని కనిపెట్టినవాడు నా చెయ్యి చూసే కొలత తీసినాడు. మీకందరికీ రెండు వేళ్ళు ఎచ్చు. ఏంజేస్తారో చేసుకోండి."

నా నీలం గ్లౌజుని తను తొడుక్కొని చేతిని బార్లా చాచాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గుడ్డ ముడతపడింది. వేలితో ఆ ముడతని చూపించాడు.

"ఈడ తట్టుకుంటాది కర్ర. పిడికిలి బిగించినప్పుడు ఏ గ్లౌజైనా బాగానే ఉంటాది. చెయ్యి చాచినప్పుడు చూడాల ముడత. మనిషినైనా అట్లనే."

గ్లౌజు ఆయనే కోసేవాడు, అత్త కుట్టేది. కొలతకి చేతిని చదునుగా పరిస్తే ఒప్పుకునేవాడు కాదు. పాత క్యాలెండరు కాగితం వెనకవైపు తిప్పి టేబులుమీద వేసేవాడు. "కర్ర ఉండాదనుకొని పెట్టు," అనేవాడు. బొటనవేలు ఎడంగా, చూపుడువేలు కొంచెం లేచి, అరచెయ్యి గూడుకట్టి ఉండగా చుట్టూ పెన్సిలు తిప్పేవాడు. చెయ్యి పని చేసేటప్పుడు ఎట్లుంటుందో అదే దాని కొలత అని ఆయన లెక్క. గుడ్డ ఈతదుస్తులు కుట్టే దర్జీ దగ్గర మిగిలిన ముక్కలు. అటు లాగినా ఇటు లాగినా సాగాలి. నూలుగుడ్డ అయితే చెమట తాగి బరువెక్కుతుంది. మిల్లులో సగం జీవితం నూలు వడికిన మనిషి నూలు పనికిరాదని చెప్పేటప్పుడు గొంతు కొద్దిగా తగ్గించేవాడు.

కుట్టు ఎప్పుడూ వేలి వెలుపలివైపే రావాలి, కర్ర రాచుకునేచోట దారం తగలకూడదు. వేలికొనలు తెరిచి ఉండాలి. "కొనకి గుడ్డ తెలవాల. కండ్లకి గంత కట్టినట్టు కట్టబాక," అని అత్తకి చెప్పేవాడు. "ఊరందరి రవికెలు కుట్టిన దానికి నువ్వు చెప్పొచ్చినావు," అని అత్త మిషను తొక్కుతూనే కసిరేది. మణికట్టు పట్టీ కింద నాడి కొట్టుకునేది తెలియాలి. అంతకన్నా బిగిస్తే చెయ్యి మొద్దుబారుతుంది.

తేంగాయితిట్టు రేవులో పొద్దున చేపలవేలం అయ్యాక ఆటోలవాళ్ళు, ఐసుపెట్టెలు మోసేవాళ్ళు నేరుగా హాలుకి వచ్చేవాళ్ళు. వాళ్ళని మెట్లమీదే ఆపేవాడు. నిమ్మచెక్కా సబ్బూ పెట్టి చేతులు కడిగించి, ఆరేదాకా నిలబెట్టేవాడు. తడిచేతికి గ్లౌజు తొడగనిచ్చేవాడు కాదు. తొడిగేటప్పుడు మణికట్టు పట్టుకొని లాగితే కోపం వచ్చేది. ఒక్కొక్క వేలూ కొననుంచి సర్దుకుంటూ రావాలి. వారానికొకసారి కుంకుడురసంలో ముంచి, పిండకుండా నీడలో ఆరేసేవాడు. హాలు వెనక తీగమీద వేలాడే గ్లౌజుల్లో ఎవరిది ఏదో ఆకారం చూసే చెప్పేవాడు. మార్గళి నెల, అంటే ధనుర్మాసం, పొడిచలిలో మాత్రం తనది తీసి జేబులో పెట్టుకునేవాడు. "చెమట లేనప్పుడు ఇదెందుకు? చెయ్యీ కర్రా మాట్లాడుకోనీ," అనేవాడు.

ఇప్పుడు మూడు నెలల కిందటి ఆ రోజు.

ప్రతి వేసవిలో మా హాలులో పోటీ జరుగుతుంది. బోర్డుమీద ఆడేవాళ్ళ పేర్లు రాసేది పద్దెనిమిదేళ్ళుగా మామ. ఒక్కసారైనా ఆ బోర్డుమీద ఆయన పేరుండాలని ఈ ఏడు నేను పంతం పట్టాను. పనివాడు ఆడకూడదనేది ఎవరు పెట్టిన నియమమని కరపత్రం రాసి ముదలాళి బల్లమీద పెట్టాను. మామ వద్దన్నాడు. నేను వినలేదు. పోటీకి ముందురోజు ముదలాళి సరేనన్నాడు. ఆ సాయంత్రం మామ చాక్ పట్టుకొని తన పేరు రాశాడు. ఒక అక్షరం వంకర పోయిందని చెరిపి మళ్ళీ రాశాడు. వెనక్కి నడిచి, దూరంనుంచి చూశాడు. ఒక అక్షరం నెత్తిన పెట్టిన చుక్క గుండ్రంగా రాలేదని ముందుకొచ్చి దాన్నీ దిద్దాడు.

పోటీనాడు కెమెరాలు వచ్చాయి. హోటళ్ళవాళ్ళు, దుకాణాలవాళ్ళు వచ్చి గోడలకి బ్యానర్లు కట్టారు. ఆట మొదలయ్యేముందు ముదలాళి మామని వెనకగదిలోకి పిలిచాడు. నేనూ వెంటపోయాను.

"అన్నా, నువ్వు ఆడు. నేను వద్దనలే. ఫోటోలు తీస్తా ఉండారు. ఆ చెయ్యి టేబులుమింద పెడితే చూసేవాళ్ళకి ఒకమాదిరి ఉంటాది. ఇది ఏసుకో," అన్నాడు.

నల్లటి గ్లౌజు. ఐదు వేళ్ళది. చివరి రెండు వేళ్ళలో అప్పటికే దూది కుక్కి ఉంది. ఎవరో కూర్చొని, పుల్లతో పొడిచి పొడిచి, నిజం వేళ్ళలాగా వచ్చేదాకా నింపారు. నేను చెయ్యి చూపించి అరవడం మొదలుపెట్టాను.

"సుమ్మా ఉండ్రా, ఊరుకో," అన్నాడు మామ. తన గ్లౌజు తీసి జేబులో పెట్టుకున్నాడు. నల్లదాన్ని ఒక్కొక్క వేలూ కొననుంచి సర్దుకుంటూ తొడిగాడు. చివరి రెంటినీ కూడా సర్దాడు.

"ఎందుకు మామా?"

"పేరు రాసుకున్నా కదరా."

రెండు ఆటలు గెలిచాడు. మూడో ఆటలో ఎదుటివాడు హోటలులో పనిచేసే కుర్రవాడు, మంచి ఆటగాడు. మామ బంతులన్నీ అయిపోయి ఎనిమిదో నంబరు నల్లబంతి ఒక్కటే మిగిలింది. అది పడితే గెలుపు. కుర్రవాడి చారలబంతులు రెండు అడ్డంగా ఉన్నాయి. వాటి సందులో మామ ఎడమచెయ్యి పెట్టి వంగాడు. ఫోటోలవాళ్ళు ముందుకి జరిగారు. ఇప్పుడు స్తంభంమీదున్న ఫోటో ఆ క్షణానిది. కర్ర నున్నగా జారి తెల్లబంతిని కొట్టింది. దాని దెబ్బకి నల్లబంతి టేబులు అంచుని తాకి, నిదానంగా దొర్లి, మూలపాకెట్లో పడింది. హాలంతా చప్పట్లు.

మామ నిటారుగా నిలబడ్డాడు. "ఫౌలు," అన్నాడు.

ఆరోజు స్కోరు చెప్పేది టోకెన్ల అన్న. "ఏం ఫౌలు మామా? యాడా తగల్లేదే."

"తగిలింది. నా చిటికెనవేలు ఆ చారలబంతికి తగిలింది."

కుర్రవాడు కూడా అన్నాడు: "సార్, పర్వాలేదు సార్. నేను చూడలేదు."

"నేను చూసినా."

చెయ్యిగానీ గ్లౌజుగానీ ఏ బంతికి తగిలినా ఫౌలు. ఫౌలు చేసి నల్లబంతి వేస్తే ఆట పోయినట్టే. ఆ నియమం మా అందరికీ నేర్పినవాడు మామే. ఆ వేలికి స్పర్శ లేదు, ఎముక లేదు, అసలు వేలే కాదు. అయినా దాని వెంబడి ఆయన కళ్ళు పెట్టుకొని ఆడాడు. ఇది నాకు ఇప్పుడు తెలుస్తున్నది. అప్పుడు నా తలలో మంట తప్ప ఏమీ లేదు. టేబులు దగ్గరికి దూసుకుపోయాను.

"అది నీ వేలు కాదు మామా! ముదలాళి దూది!"

"తొడుక్కున్నాక దాంట్లో ఉండేదంతా నాదేరా."

అక్కడ ఆగవలసింది. గాలి పీల్చుకునే ఎడం అక్కడ ఉంది. నేను ఆగలేదు. ఆయన ముఖంమీదికి చెయ్యి చాచి, అందరూ వింటుండగా అరిచాను.

"మిల్లుకి రెండు వేళ్ళిచ్చినావు. వీడికి వెన్నెముక ఇచ్చినావు. ఇట్లాంటి బానిసతనం నేను యాడా చూడలేదు."

మామ నల్లగ్లౌజు తీసి, నలగకుండా మడిచి ముదలాళికి ఇచ్చాడు. గెలిచిన కుర్రవాడి చేతిని తన రెండుచేతుల్లోకీ తీసుకున్నాడు. తరవాత బ్రష్షు పట్టుకొని, తరవాతి ఆటకోసం టేబులు తుడవడం మొదలుపెట్టాడు. నేను మెట్లు దిగి వచ్చేశాను.

నెల తరవాత అత్త ఫోను చేసింది. "నాయనా, నీ గ్లౌజు పాతబడిపోయిందని మామ కొత్తది కోసినాడు. కుట్టేసినా. వచ్చి తీసకపో."

"వస్తాలే అత్తా," అన్నాను. పోలేదు.

ఒకసారి వైతికుప్పం ఒడ్డున కనిపించాడు. కుడిచేతిలో చేపల సంచి. నన్ను చూసి ఎడమచెయ్యి ఎత్తాడు. నేను ఫోనులో ఏదో చూస్తున్నట్టు తల వంచుకొని పోయాను. ఆ ఎత్తిన చెయ్యిని నేనెప్పుడు దించగలనో నాకు తెలియదు.

కాష్టం ఆరిన మర్నాడు ముదలాళి దగ్గరికి పోయాను, ఫ్లెక్సు తీసెయ్యమని.

"ఏంది తప్పు?" అన్నాడు. "మంచిగా కనబడాలనే కదా పెట్టినా. పోయేటప్పుడన్నా నిండుచేత్తో పోనీరా. పదహారోదినం దాకా ఉండనీ." ఆ మాట చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు. దొంగేడుపు కాదు. తప్పుచేసినవాడు నిజంగా ఏడుస్తుంటే ఏం చెయ్యాలో నేను చదివిన ఏ కరపత్రంలోనూ లేదు.

అక్కడినుంచి మామ ఇంటికి పోయాను. గడప దగ్గర నిలబడిపోయాను.

"యాలా ఆడనే నిలబడినావు? లోపలికి రా," అన్నది అత్త.

అంతా చెప్పాను. ఆ ఫ్లెక్సు అచ్చువేసింది నేనేనని, చేతివైపు చూడలేదని చెప్పాను. అత్త కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ముఖం బాగా చేసినావు నాయనా. చెయ్యి చూసి ఎవురో అనుకున్నా. ఇన్నేండ్లు నా తలకింద ఉండిన చెయ్యి అది. ఆ రెండు వేళ్ళు ఎవురివో నాకు తెలవదు. తీసెయ్యి. అరవకుండా తీసెయ్యి."

లోపలికిపోయి ఒక గుడ్డసంచి తెచ్చింది. పైన నా కొత్త గ్లౌజు. తొడుక్కున్నాను, ఒక్కొక్క వేలూ కొననుంచి. చెయ్యి చాచాను. ఎక్కడా ముడత లేదు. నాకు పదహారేళ్ళప్పుడు తీసిన పాత కొలతకి కుట్టి ఉంటే పట్టేది కాదు, నా చెయ్యి ఈ రెండేళ్ళలో పెరిగింది. మూడు నెలలుగా నేనాయన దగ్గరికే పోలేదు. కొలత ఎట్లా తెలిసింది?

"నేనూ అడిగినా," అన్నది అత్త. "'నామింద చెయ్యి చాచి అరిచినాడు గదా, అప్పుడు చూసినా, నడిమివేలు పొడుగైంది' అన్నాడు మీ మామ."

చదివేవాళ్ళారా, ఆ తరవాత కాసేపు ఏం జరిగిందో నేను రాయలేను.

సంచి అడుగున క్యాలెండరు కాగితాల కట్ట ఉంది. ఆయన కొలతలు తీసిన మా అందరి చేతులూ. ఐసుపెట్టెలు మోసేవాడిది, ఆటో నడిపేవాడిది, నాది. అన్నిటికన్నా కింద, పసుపుపట్టిన కాగితంమీద ఆయనది. కుడిచేత్తో తన ఎడమచేతి చుట్టూ తానే పెన్సిలు తిప్పుకొని గీసుకున్నాడు. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు. నడిమివేలు దిగాక గీత మళ్ళీ లేవలేదు. ఎక్కడా వణక్కుండా నేరుగా మణికట్టుకి దిగిపోయింది.

ఆ కాగితాన్ని షాపులో స్కాను చేసి, ఆ ఫ్లెక్సు ఎంత ఉందో అంతకి పెంచి అచ్చువేశాను. ఈసారి ముఖం లేదు. చెయ్యి ఒక్కటే చూశాను, చాలాసేపు.

ఈ ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకి ఆ కరెంటు స్తంభం దగ్గరికి రండి. మామ దగ్గర నేర్చుకున్నవాళ్ళందరూ ఆయన కోసిన గ్లౌజు తొడుక్కొని రండి, లేనివాళ్ళు ఉత్తచేత్తో రండి. చేతులు కడుక్కొని రండి. మనవాళ్ళలో చాలామందికి ఈ అక్షరాలు చదవడం రాదు. వచ్చినవాళ్ళు రానివాళ్ళకి చదివి వినిపించండి. నినాదాలు లేవు. నేనే రాయలేదు. పాత ఫ్లెక్సుని చింపం. దించి, మడతపెట్టి, ముదలాళి చేతికి ఇస్తాం. ఆయన్నీ రమ్మన్నాను, వచ్చేదీ రానిదీ ఆయన ఇష్టం. నిచ్చెన నేను తెస్తాను. పైకెక్కి కట్టేదీ నేనే. అత్త తిన్నెమీద కూర్చుంటుంది, ఆమెకి కనిపించే ఎత్తు ఏదో కింద నిలబడి చెప్పడానికి మీరు కావాలి.

నాలుగింటికి ఆ వీధిలో సముద్రపు గాలి తిరుగుతుంది. ఫ్లెక్సు కొంచెం ఊగుతుంది. తెల్లటి గుడ్డమీద మూడు వేళ్ళ చెయ్యి, అరచెయ్యి గూడుకట్టి, బొటనవేలు కాస్త ఎడంగా, ఎవరైనా వచ్చి కర్ర ఆనిస్తారేమోనన్నట్టు ఆ సందు తెరిచే ఉంటుంది.